ఏడో నంబరు కుర్చీ

రాత్రి పదిన్నరకి మెట్లు దిగి వచ్చాడు వాడు,
కనురెప్పల మీద మంచు, గోళ్ళలో బొగ్గు.
పైన ఉలాన్‌బాతర్ మొత్తం పొగ కప్పుకుని దగ్గుతోంది.
నా నేలమాళిగలో ముప్పై కంప్యూటర్లు,
ముప్పై జతల మూసుకున్న చెవులు.

ఇక్కడ అందరికీ రెండు పేర్లు.
అమ్మ పిలిచేది మెట్ల పైనే విడిచి వస్తారు,
చెప్పులు విడిచినట్టు.
మూడో కుర్చీలో కళ్ళద్దాల గన్‌జోరిగ్
ఇక్కడ ఉక్కుపిడికిలి,
వచ్చేటప్పుడు రొట్టె తెమ్మని ఇంటినుంచి ఫోన్ వచ్చేదాకా.

వీడు బల్ల మీద పదిహేను వందల తుగ్రిక్‌లు పెట్టాడు.
అన్నీ చిన్న నోట్లే, నలిగి మెత్తబడినవి.
ఒక గంట.
కొండమీది గుడారానికి బొగ్గు బస్తా మోస్తే ఎంతిస్తారో నాకు తెలుసు,
కాబట్టి ఆ గంట బరువూ తెలుసు.

ఇన్నాళ్ళూ స్నేహితుడి ఖాతాలో, స్నేహితుడి పేరుతో ఆడాడు.
ఇవాళ సొంతంగా.
పేరు ఎంచుకోమంది తెర.

నల్లతోడేలు అన్నాడు.
ఎవరో తీసుకున్నారు.
మంచుచిరుత. తీసుకున్నారు.
గోబీ తుఫాను, ఉక్కు డేగ, అర్ధరాత్రి విల్లు,
అన్నిటికీ ఎక్కడో ఒక యజమాని ఉన్నాడు.
"నల్లతోడేలు4471 ఖాళీగా ఉంది, కావాలా?"
అని యంత్రం బేరం పెట్టింది.
అన్ని వేల తోడేళ్ళ వెనక
తోక ఊపుకుంటూ నడవడం వాడికి నచ్చలేదు.

తాత గుర్రాన్ని తలుచుకున్నాడు.
మావాళ్ళు గుర్రానికి పేరు పెట్టరు,
రంగుతోనే పిలుస్తారు,
రంగుకో మాట, ఆ రంగులో నీడకో మాట.
ఎండలో రాగిలా, మబ్బులో ఎండిన నెత్తురులా ఉండేదానికి
మా భాషలో ఉన్న ఆ చిన్న మాట కొట్టాడు.
తీసుకున్నారు.
గుర్రం పోయి ఆరేళ్ళు. ఇప్పుడు దాని రంగూ పోయింది.

గోడ గడియారం నలభై నిమిషాలు మింగేసింది.
ప్లాస్కు పట్టుకెళ్ళి ఉప్పు టీ పోశాను.
"నీ అసలు పేరేంటిరా?"
ఆరు నెలలుగా నా పుస్తకంలో వాడు
ఏడో నంబరు కుర్చీ. అంతే.

చెవులు ఎర్రబడ్డాయి. చలికి కాదు.
"ఎనెబిష్" అన్నాడు, గొంతు కప్పులోకి పోనిచ్చి.
అంటే, ఇది కాదు.

పక్క కుర్చీవాడు కిసుక్కుమన్నాడు.
నేను నవ్వలేదు.
నా మేనత్త పేరు నెర్గూయి, అంటే పేరు లేనిది.
పిల్లలు బతకని ఇంట్లో అందమైన పేరు పెట్టడమంటే
దీపం పెట్టి దొంగని పిలవడమే.
వీడికి ముందు ముగ్గురు.
ముగ్గురివీ వెలుగూ, పువ్వూ, నూరేళ్ళూ ఉన్న పేర్లు.
నాలుగోసారి తల్లి తెలివి తెచ్చుకుంది.
గుమ్మంలో నిలబడి అడగబోయేదానికి
ముందే జవాబు సిద్ధం చేసి పెట్టింది:
నువ్వు వెతికేది ఇది కాదు.

బడిలో హాజరు పిలిచినప్పుడల్లా
తరగతి మొత్తం నవ్విన పేరు.
కొట్టాడు, ఒక్కో అక్షరం,
కదిలే పంటిని నాలుకతో తడిమినట్టు.

తెర కాసేపు ఆలోచించింది.
ప్రపంచమంతా వెతికి వచ్చింది.
ఎవరూ తీసుకోలేదు.

మిగిలినవి పధ్నాలుగు నిమిషాలు.
మూడో నిమిషంలోనే పోయాడు,
వంతెన కింద, ఎవడో కొరియావాడి తుపాకీకి.
తెర మీద ఎర్రగా పడింది:
మరణించినది ఎనెబిష్.

చదివాడు. మళ్ళీ చదివాడు.
ఈసారి పైకి, అర్థంతో సహా.
మరణించినది, ఇది కాదు.
అప్పుడు నవ్వాడు చూడండి,
హెడ్‌ఫోన్లు జారి మెడలో పడేలా,
పక్కవాడు కూడా వేరేగా నవ్వేలా.
లేచి మళ్ళీ వంతెన వైపే పరుగెత్తాడు.

గంట అయిపోయింది. నేను స్విచ్చి నొక్కలేదు.
పుస్తకంలో ఏడు కొట్టేసి, పక్కన పేరు రాశాను.

మర్నాడు యజమాని వేలు పెట్టి అడిగాడు,
"ఏడు కొట్టేసి ఇది కాదు అని రాశావు,
మరేది?"
అదనపు పావుగంట డబ్బు నా జీతంలో కోశాడు.
కోసుకోనీ.